హుసేనప్ప మామ అతుకు

కొత్త టీవీ వెనక చేయి పెట్టగానే వేడెక్కిన దుమ్ము వాసన తగిలింది. మా అనంతపురంలో ఏ వస్తువుకైనా గ్యారంటీ కార్డు కంటే ముందే దుమ్ము వస్తుంది కాబట్టి అందులో వింతేమీ లేదు. తీగెలు గుచ్చుకోవడానికి దాని వెనక బోలెడు చోట్లున్నాయి. గుచ్చడానికి నా దగ్గరున్నది ఒక్క డీవీడీ ప్లేయరు. అయినా పిన్ను చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. మునుపు మేమున్న ధర్మవరంలో మా ఎదురింటి హుసేనప్ప మామ గదిలో ఉండేది సరిగ్గా ఈ వాసనే.

మామ పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా కనిపించేలా టీవీ పెట్టుకున్నాడు. వీధిలో చాలామందికి అదే టీవీ. పాతకాలంది, ఏంటెనా తీగె కోసం దాని వెనక ఉన్నది ఒకటే రంధ్రం. ఆ రంధ్రంలో వీసీఆర్ తీగె ఉండేది. భార్య ఖాసింబీ అత్త చనిపోయాక, ఒకే ఒక్క క్యాసెట్టు కోసం మామ దాన్ని కొన్నాడు. అది అత్త తమ్ముడి పెళ్ళి క్యాసెట్టు. పెళ్ళికొడుకు అందులో గంటల తరబడి కూర్చునే ఉంటాడు. అత్త కనిపించేది మాత్రం కాసేపే. వడ్డిస్తూ వడ్డిస్తూ కెమెరా వైపు తిరిగి, గరిటె ఎత్తి అంటుంది: “నన్నేం తీస్తావప్పా, నేనేమన్నా పెండ్లికూతురునా? అన్నం సల్లారిపోతాది, తినుపో.” ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

రంజాన్ పండగ మధ్యాహ్నం వీధిలో వాళ్ళందరికీ మామ ఇంట్లోనే భోజనం. విస్తళ్ళలో వడ్డించాక మామ క్యాసెట్టు పెట్టేవాడు. తెర మీద అత్త తినమన్నాకే ఎవరైనా ముద్ద కలపాలి. అది ఆ ఇంటి పద్ధతి. మొదటి పండగకు ఆమె గొంతు వినగానే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరైనా ఏడిస్తే నాకు ఊపిరాడదు. అందుకని ఆమెతోపాటు నేనూ ఆ మాట అనేశాను, ఆమె గొంతుతోనే. అందరూ నవ్వారు. మామ నవ్వలేదు.

మర్నాడు పిలిపించాడు. తిడతాడనుకున్నాను.

“నిన్నటి మాట మళ్ళా అను.”

అన్నాను.

“తప్పు. ‘తినుపో’ అని ఆమె అట్లా విసిరేయదు. ‘పో’ కాడ నవ్వొస్తాది ఆమెకు, ఆపుకుంటాది. మళ్ళా అను.”

“మామా, ఇది ఎగతాళి. దీనికి కూడా పరీక్ష పెడతావా?”

“ఎగతాళి చేసుకో, నేనొద్దన్నానా? ఉండేదాన్ని ఉన్నట్టు చెయ్యి. ఒక్క పోగు తప్పినా చీరలో తెలిసిపోతాది.”

తర్వాత వీధిలోకి కేబుల్ వచ్చింది. మా అన్న బెంగళూరు నుంచి వీసీడీ ప్లేయరు తెచ్చాడు. తెచ్చాక, మాకు టీవీ లేదన్న సంగతి గుర్తొచ్చింది. మా ఇంట్లో ఏ పనైనా ఆ వరుసలోనే జరుగుతుంది. పక్కింటి పిల్లలు వీడియో గేము పట్టుకొచ్చారు. అన్నింటికీ కావలసింది ఆ ఒక్క రంధ్రమే. వీసీఆర్‌ను తీసి పక్కన పెట్టమనీ, పండగ రోజు తగిలించుకోవచ్చుననీ అందరూ మామకు సలహా ఇచ్చారు.

“ఆమెను పీకి మూలన పెట్టి, పండగకు పిలుస్తానా?” అన్నాడు మామ.

చీర పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు నేతగాళ్ళు దాన్ని మగ్గం నుంచి పూర్తిగా తీసెయ్యరు. కొస మిగిల్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా దానికే మెలివేసి అతుకుతారు. మామ టీవీకీ అదే పని చేశాడు. కేబుల్ తీగెను గేము డబ్బాకు, డబ్బా నుంచి వీసీఆర్‌కు తగిలించాడు. వీసీడీ పిన్నులు వీసీఆర్ వెనక గుచ్చాడు. వీసీఆర్ నుంచి ఒకే తీగె టీవీకి. ఎవరు ఏది చూడాలన్నా వీసీఆర్ వెలిగి ఉండాల్సిందే.

“మామా, ఇది టీవీ గాదు, గుంతకల్లు జంక్షను. యాడికి పోవాల్నన్నా ఈడ ఆగాల్సిందే,” అన్నాను.

“స్టేషన్ మాస్టరు మీ అత్తే లేప్పా.”

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఒక పండగకు, విస్తళ్ళలో అన్నీ వడ్డించాక, అత్త వచ్చే చోటికి కాస్త ముందు టేపు తెగింది. మామ కంగారుపడలేదు. తెగినదాన్ని అతకడమే ఆయన బతుకు. క్యాసెట్టు విప్పి, వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి మెలివేశాడు. ఆయన అతికితే పట్టుపోగులో కూడా అతుకు కనబడదు. అందుకే మాలో ఎవరికీ అనుమానం రాలేదు.

క్యాసెట్టు లోపలికి వెళ్ళింది. వీసీఆర్‌లో ఏదో కరకరలాడింది. వేడెక్కిన దుమ్ము వాసన, ఆ వెనకే కాలిన వాసన. తెర నల్లబడింది. ఆ మెలికే లోపల ఇరుక్కుంది. బయటికి లాగితే టేపు నలిగి, చీలి, ముద్దగా వచ్చింది. మామ దాన్ని మోకాలి మీద పెట్టుకుని బొటనవేలితో సాపు చేస్తూ కూర్చున్నాడు.

ఏదో ఒకటి చెయ్యాలని, వీసీఆర్‌కు వచ్చే తీగె పీకి నేరుగా టీవీకి గుచ్చాను. వెంటనే బొమ్మ వచ్చింది. ఎవరో అమ్మాయి నవ్వుతూ సబ్బు గురించి చెబుతోంది. ఒక్క తీగె మారిస్తే లోకమంతా తిరిగొచ్చింది, అత్త తప్ప.

“ఆపప్పా,” అన్నాడు మామ. ఆపేశాను.

విస్తళ్ళ ముందు ఎవరూ కదల్లేదు. మామ తలెత్తి నావైపు చూశాడు.

“నువ్వు అను.”

లేచి గరిటె తీసుకున్నాను. “నన్నేం తీస్తావప్పా, నేనేమన్నా పెండ్లికూతురునా? అన్నం సల్లారిపోతాది, తినుపో.” ‘పో’ దగ్గర ఆపుకున్నాను. ఆపుకున్నది నవ్వు కాదు కానీ, గొంతులో తేడా రాలేదు.

ఎవరూ నవ్వలేదు. మామ కళ్ళు మూసుకుని విన్నాడు.

“ఇప్పుడు సరిగ్గా వచ్చినాది,” అని మొదటి ముద్ద కలిపాడు.

ఆ తర్వాత ఏ ఊళ్ళో ఉన్నా పండగ మధ్యాహ్నానికి అక్కడికి చేరేవాణ్ణి. భోజనానికి పిలిచారని చెప్పుకునేవాణ్ణి కానీ, నేను వెళ్తే తప్ప వాళ్ళకు భోజనం మొదలుకాదు. పాడైన వీసీఆర్‌ను మామ టీవీ కింద నుంచి తియ్యనే లేదు, రోజూ తుడిచేవాడు. ఆయన పోయాక, నలభయ్యో రోజు భోజనాల్లో విస్తళ్ళు నిండాయి. ఎవరూ చేయి పెట్టలేదు. అందరూ నావైపే చూశారు. లేచి, గరిటె తీసుకుని, అన్నాను. ఆ రోజు తప్పుందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

పిన్ను పట్టుకుని ఇంకా టీవీ వెనకే ఉన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ పిలిచింది: “అన్నం సల్లారిపోతాది, తిందువు రా.” ఆమె మామను చూడలేదు, అత్తను చూడలేదు. ఆ టేపు సంగతీ నేనెప్పుడూ చెప్పలేదు. వడ్డించేటప్పుడల్లా నేననే మాట విని విని, ఆమెకూ అది అలవాటైంది.

‘రా’ దగ్గర నవ్వు ఆపుకుంది.