బొట్టు పెట్టి ఇచ్చిన సంచులు

స్వరూప పుట్టింది ఇటిక్యాలలో, మెట్టింది గద్వాలలో. అత్తగారిది మగ్గం ఇల్లు. పెళ్లయిన మరుసటి నెలే మగ్గం పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. పాతికేళ్లుగా ఆ వాడలో ఆమె కుట్టిన జాకెట్టు తొడగని ఆడమనిషి లేదు. ఇప్పుడు రెడీమేడ్ జాకెట్లు వచ్చాయి. వారంలో నాలుగు రోజులు మిషను గుడ్డ కప్పుకునే ఉంటోంది.

అందుకే ప్రేమ్ కుమార్ మాట ఆమెకు ఆశ పుట్టించింది. కూరగాయల మార్కెట్ బాగోగులు చూసే ఉద్యోగి అతను.

"ప్లాస్టిక్ కవర్లు బంద్ కావాలంటే జనం చేతుల్ల గుడ్డసంచి కనవడాలె అక్కా. ముందు నీ వాడోళ్లకు కుట్టియ్యి. సోమవారం నేనొచ్చి చూస్త. వాడుతున్నరంటే రెండువేల సంచుల పని నీకే ఇప్పిస్త."

రెండు వేల సంచులంటే ఏడాదిపాటు మిషను ఆగదు.

నేతలో పోగు తప్పి, మరక పడి అమ్ముడుపోని చీరలు ఇంట్లో ఉన్నాయి. భర్త నేసినవే. వాటిని కత్తిరించి నలభై సంచులు కుట్టింది. మూతి దగ్గర జరీ అంచు వచ్చేలా చూసుకుంది. పిడికి రెండు వరసల కుట్టు వేసింది. ఐదు కిలోల ఉల్లిగడ్డలు నింపి ఒక పూటంతా కొక్కేనికి వేలాడదీసింది. కుట్టు కదలలేదు.

కొత్త బట్టను ఆడవాళ్లకు ఉత్తచేతులతో ఇవ్వడం ఆ ఇంటా వంటా లేదు. కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ తిరిగింది. బొట్టు పెట్టి ఒక్కొక్కరి చేతిలో సంచి పెట్టింది. వాళ్లు కళ్లకద్దుకుని తీసుకున్నారు.

సోమవారం పొద్దున్నే మార్కెట్ గేటు దగ్గర నిలబడింది. మొదట వచ్చింది పక్కింటి నర్సమ్మ. వేళ్లకు నాలుగు కవర్లు వేలాడుతున్నాయి.

"వదినె, సంచేది?"

"ఇంట్ల ఉన్నది. సందుగపెట్టెల దాచిన. మనుమరాలి పుట్టెంట్రుకలకు పోయేటప్పుడు చీరలు తీస్కపోను పనికొస్తది."

"నేను కూరగాయలకని ఇచ్చిన కద."

"బొట్టు వెట్టి ఇచ్చినవు. దాంట్ల చేపలు దెమ్మంటవా?"

వాడ ఆడవాళ్లు మరో పదిమంది వచ్చారు. ఒకామె సంచి టీవీకి కప్పింది. ఒకామె ఆడబిడ్డకు సారెలో పెట్టి పంపింది. కూరగాయలమ్మే జోగులమ్మకూ స్వరూప ఒకటి ఇచ్చింది. అది దేవుని అరలో ఉందట.

"నువ్వు పెండ్లిసంచులు కుట్టినవు బిడ్డా," అంది జోగులమ్మ, వేళ్లు తడి చేసుకుని కవరు మూతి విప్పుతూ. "వంకాయలకు గంత భాగ్యమేడిది?"

"నువ్వన్న కవర్లు ఇయ్యకు పెద్దమ్మా. ఒక్క పూట."

"నేనియ్యకుంటే పక్కదాని తాన కొంటరు. నా వంకాయలు నువ్వు తింటవా?"

తొమ్మిదింటికి ప్రేమ్ కుమార్ వచ్చాడు. మార్కెట్ అంతా ఒక చుట్టు తిరిగాడు.

"ఒక్కటి గూడ కనవడలే అక్కా."

"అందరి ఇండ్లల్ల ఉన్నయి సార్. ఎవ్వరు పారెయ్యలే."

"ఇండ్లల్ల ఉంటే ఏం జేస్త? కవర్లు ఈడున్నయి."

"ఇంకొక్క వారం ఆగుండ్రి. ఈసారి బొట్టు వెట్టకుంట ఇస్త."

"బొట్టుకూ దీనికీ ఏం సంబంధం?"

స్వరూప చెప్పబోయి ఆగింది. పాతికేళ్లు ఈ ఊళ్లో బట్ట కుట్టిన తనకే ఇవాళ్టిదాకా తట్టనిది అతనికి తడుతుందని అనిపించలేదు. అతను బండి ఎక్కుతూ, హైదరాబాద్ నుంచి ఫ్యాక్టరీ సంచులు వస్తాయని, పై వాళ్లు వాటికే మొగ్గుతున్నారని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. గడప మీద కూర్చుని చెంగుతో విసురుకుంది.

"స్వరూపా, మా కోడలు అలిగింది. దానికి గూడ ఒక సంచియ్యి."

"కూరగాయలకు వాడుతదా?"

"కొత్తకోడలు. గంత మంచిదాన్ని ఎందుకు ఖరాబు జేస్తది?"

స్వరూప లేచింది. దండెం మీది పాత దుప్పటి లాగి, నడుమ చింపి, మిషను మీద పరిచింది. అంచు లేదు. కొలత గీత లేదు. చకచకా నాలుగు కుట్లు వేసి, దారం పళ్లతో తెంపి, నర్సమ్మ ఒళ్లోకి విసిరింది.

"ఇగో. దీంట్ల చేపలు తే, మటన్ తే. చినిగితే ఇంకోటి కుట్టిస్త."

నర్సమ్మ సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత స్వరూప చేతుల వైపు చూసింది. భరిణె లేదు.

"గిట్ల ఇస్తరా ఎవరన్న? నేనేమన్న అడుక్కోనీకె వచ్చిన్నా?"

సంచి మడిచి మిషను మీద పెట్టి, చెప్పులు వేసుకుంది.

స్వరూప పిలవలేదు. పిలిస్తే బొట్టు పెట్టాలి.