ఆదివారం తోడని నీళ్లు

సుద్దముక్క అన్నయ్యది మా ఎదురిల్లు. ముందుగదిలోనే సైకిళ్లు బాగుచేసేవాడు. వరుసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాక, రెండు దేశాల ఇంజనీర్లు మన నీటి శాఖతో కలిసి వచ్చారు. ఏడాదిపాటు బావులు కొలిచి, ఎక్కువగా ఎండే బావి ఉన్న వీధికి లోతు బోరు వేస్తామన్నారు. మా వీధిలో కొలిచే పని అన్నయ్యకిచ్చి, ఇనుప టేపు చేతిలో పెట్టారు.

సోమవారం పొద్దున్నే టేపుకు సుద్ద రాసి బావిలోకి దించేవాడు. సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి నీటిమట్టం రాసుకునేవాడు. ఆ పేరు అలా వచ్చిందే.

"ఎందుకన్నయ్యా ఇంత శ్రద్ధ?" అని ఆరా తీశాను.

"బోరు పడితే మీ వదిన నడుము బతుకుతుంది చెల్లెమ్మా. చేదతాడు లాగలేకపోతోంది."

అన్నయ్య రాసే ఆ కొలతల కాగితాలు సముద్రాలు దాటి వెళ్తాయని విన్నాక నా కాళ్లు ఇంట్లో నిలవలేదు. ఎండిన బావికే బోరన్న మాట నా తలకెక్కలేదు. ఇల్లిల్లూ తిరిగాను.

"బురద చూపిస్తే మన పరువేం కాను? అయినా నీళ్లులేని చోట బోరెవడు వేస్తాడే? ఆదివారం ఎవరూ తోడకండి!"

అందరూ శనివారమే బిందెలు నింపి పెట్టుకునేవాళ్లు, వదినతో సహా. మగవాళ్లకు చెప్పలేదు. రోజంతా ముట్టని బావి సోమవారానికి నిండుగా ఊరేది.

ఏడాది తిరిగింది. బోరు వెనకవీధికి పోయింది. అన్నయ్య కాగితం పట్టుకుని మా అరుగు మీద కూలబడ్డాడు.

"మన బావికి కరువు లేదట. మంగళవారం చేదలో బురదొస్తోందని మీ వదిన గోల. సోమవారం నా కళ్లతో చూసిన నీళ్లేమో అబద్ధం కాదు. ఇదేం మాయ చెల్లెమ్మా?"

చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కాగితం మడుచుకుని, "ఇంకో విడత మూడేళ్ల తర్వాతట" అని మాత్రం అన్నాడు.

అప్పటిదాకా వదిన నడుము ఆగలేదు. చేద లాగుతూనే కుప్పకూలి మంచం పట్టింది.

అన్నయ్య ఇప్పటికీ సోమవారం కొలుస్తాడు. టేపు దించేముందు గడపగడపా ఎక్కి, ఆదివారం ఎన్ని బిందెలు తోడారో అడిగి పక్కనే రాస్తాడు. మా గడపలో రెండు లెక్కలడుగుతాడు.

"మీకెన్ని?"

"నాలుగు."

"మాకు?"

"మూడు అన్నయ్యా" అంటాను. ఇప్పుడు వాళ్లింటి నీళ్లు తోడేది నేనే.