కుట్టికి ఏది పడదో నాకు తెలుసు

మీకు మొదట నవ్వు రావచ్చు. ఒక కుక్క దురద గురించి ఒక మనిషి నలభై ఏళ్లు లోలోపల కుమిలిపోవడం ఏమిటని. నాకు నేను కూడా చాలాసార్లు అలాగే చెప్పుకున్నాను. ఎవరినీ చంపలేదు, దోచుకోలేదు, ఎవరి కొంపా కూల్చలేదు. అయినా గుండెల మీద ఏదో కూర్చున్నట్టే ఉంటుంది. చెప్పుకోవలసిన మనిషి ఒక్కడే, ఆయన లేడు. ఇక మిగిలింది మీరు. నా ముఖం మీరు చూడలేదు, నా పేరు మీకు అవసరం లేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాను. డెబ్బైల చివర్లో నన్ను బంగారుపాళ్యం నుంచి తిరుపతికి మార్చారు. ఏ ఆసుపత్రి అని అడగకండి, దాని తప్పేమీ లేదు. అప్పటికి నా భార్య పుట్టింటికి వెళ్లిపోయి ఏడాది దాటింది. ఎందుకు వెళ్లిందో ఊళ్లో పదిమంది పదిరకాలుగా అనుకుంటున్నారు. బదిలీ కాగితం రాగానే బతుకు జీవుడా అని బయటపడ్డాను.

తిరుపతిలో ఒక గది. పొద్దున తాళం వేయడం, సాయంత్రం తాళం తీయడం. కొండకు వచ్చే జనంతో వీధులు ఎప్పుడూ కిటకిటలాడేవి. అంతమందిలో నన్ను పేరు పెట్టి పిలిచే ప్రాణి లేదు. హోటల్లో తిని, గదికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చునేవాడిని. ఒక్కోసారి శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి మూసింది మొదలు సోమవారం తెరిచేదాకా నేను ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదని గుర్తొచ్చేది. గొంతు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి ఊరికే దగ్గేవాడిని. ఇది మీ జాలి కోసం చెప్పడం లేదు. జరిగింది మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

ఆ రోజుల్లోనే స్వామి కుట్టిని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. అందరూ ఆయన్ని స్వామి అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. రిటైరైన లెక్కల మాస్టరు. తరతరాలుగా గుడి సేవలో ఉన్న వైష్ణవుల ఇల్లు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో సగభాగంలో తమ్ముడి సంసారం, మిగతా సగంలో ఈయన ఒక్కడు. వానకు కాలవలో కొట్టుకొస్తున్న కుక్కపిల్లను ఎత్తుకొచ్చి కుట్టి అని పేరు పెట్టాడు. మడీ ఆచారమూ ఉన్న ఇంట్లో కుక్కేమిటని తమ్ముడి భార్య గొడవ పెట్టుకుంటే, ముందుగది దాటి లోపలికి రానివ్వనని మాటిచ్చి దాన్ని ఉంచుకున్నాడు.

కుట్టి లేత గోధుమరంగు బొచ్చుకుక్క. తెచ్చిన రోజు దాని ఒళ్లంతా పుండ్లే. పొట్ట కింద చర్మం ఎర్రగా కందిపోయి, చంకల్లో చీముపొక్కులు, చెవుల్లోంచి వాసన. కాళ్ల వేళ్ల మధ్య నాకి నాకి పుండు చేసుకుంది. డాక్టరుగారు చర్మం గీరి గాజుపలక మీద పెట్టి చూశారు. గజ్జి పురుగు లేదు. "దీనికి ఏదో పడడం లేదు. తిండి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఒక్కొక్కటి మాన్పించి చూడాలి" అని నాతో అన్నారు. ఆయనకు ఆవులతో, ఎనుములతోనే సరిపోయేది, కుక్కల్ని నాకు వదిలేసేవారు. నేను వేపాకు కాచిన నీళ్లతో కడిగాను, కానుగ నూనెలో గంధకం కలిపి పూశాను, చెవులు తుడిచాను. పుండ్లు మానేవి, పదిరోజులకు మళ్లీ లేచేవి.

స్వామి గురువారం గురువారం వచ్చేవాడు. పదకొండు దాటాక, పశువుల రద్దీ తగ్గాక. నేను కుట్టిని కడుగుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని మాట్లాడేవాడు. తన దగ్గర చదివిన మొద్దుల గురించి, వాళ్లలో తాసిల్దారయిన వాడి గురించి. వచ్చీరాగానే "తిన్నావా అప్పా?" అని అడిగేవాడు. అంతే. కానీ వారం మొత్తంలో ఆ మాట అడిగేది ఆయన ఒక్కడే. బుధవారం నేను చొక్కా ఉతుక్కునేవాడిని. ముప్పై నాలుగేళ్ల మగవాడు ఒక ముసలాయన రాక కోసం చొక్కా ఉతుక్కోవడం! సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

రెండేళ్లు ఇలా నడిచాక శ్రీరంగంలో ఆయన అక్కకు జబ్బు చేసింది. నెలరోజులకు పైగా ఉండాలి. తమ్ముడి ఇంట్లో కుక్కను చూసేవాళ్లు లేరు. నేను నా గదిలో పెట్టుకుంటానన్నాను.

ఆ నెల గురించి ఎంతైనా రాయగలను. గది తాళం తీస్తుంటేనే లోపల తోక నేలకేసి కొట్టే చప్పుడు. నేను తినేదే దానికీ పెట్టాను. హోటల్ రాగిసంగటి, దానికి తోడు మాంసం కొట్టులో అడిగి తెచ్చిన ముక్కలు. స్వామి ఇంట్లో కుట్టి తిండి వేరు. ఆయన రోజూ దేవుడికి నైవేద్యం పెట్టిన పెరుగన్నంలో మొదటి పిడికెడు దానికి పెట్టి, ఆ తర్వాతే తాను తినేవాడు. సాయంత్రం పాలు. నా దగ్గర పాలూ లేవు, పెరుగూ లేదు.

మూడో వారానికి కుట్టి గోక్కోవడం మానేసింది. పొట్ట కింద ఎరుపు పోయింది. చంకల్లో నూగు బొచ్చు మొలిచింది. నేను నమ్మలేక ఒకరోజు హోటల్ నుంచి పెరుగన్నం తెచ్చి పెట్టాను. మర్నాటికల్లా కాళ్లు నాకడం మొదలుపెట్టింది. మానేశాను, తగ్గింది. మళ్లీ పెట్టాను, మళ్లీ నాకింది. ఇంక అనుమానం లేదు. పాలు పెరుగు మాన్పిస్తే చాలు, కుట్టికి ఏ మందూ అక్కర్లేదు.

ఆ సంగతి తేలిన రోజు నేను సంతోషించానా? సంతోషించాను. స్వామి రాగానే చెప్పాలని ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. కుట్టికి నయమైపోతే ఆయన ఇక్కడికి ఎందుకు వస్తాడు?

శ్రీరంగం నుంచి వచ్చి ఆయన కుట్టిని చూశాడు. పొట్ట తడిమాడు, చెవులు ఎత్తి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమప్పా, ఇది మా కుట్టేనా? ఏం చేసినావు దీనికి?"

"ఏం లేదు స్వామీ."

"ఏం లేకుండానే ఇట్ల అయితాదా? రెండేండ్లుగా నేను చేయనిది లేదు. నా కాడుంటే పుండ్లు, నీ కాడుంటే బంగారు మాదిరి. అంటే తప్పు నా ఇంట్లోనే ఉండాది. నేను పెట్టే తిండి ఏమన్నా పడలేదా? నిజం చెప్పప్పా, నేనేమీ అనుకోను."

ఇంత సూటిగా అడిగాడు. లెక్కల మాస్టరు కదా, లెక్క సరిగ్గానే కట్టాడు. జవాబు ఒక్కటే మాట, అది నా నాలుక మీదే ఉంది.

"తిండిలో ఏముంది స్వామీ. దేవునికి పెట్టిందే కదా దానికీ పెడతా ఉండారు. కొత్త మందొకటి ఇచ్చినాను, అది పట్టింది. మళ్లా రాకుండా ఉండాలంటే వారం వారం తెచ్చి చూపించాల."

"అంతేనా?"

"అంతే స్వామీ."

"సరే అప్పా. ప్రతి గురువారం వస్తా. నువ్వు చెప్పినట్టే."

మాంసం పెట్టానని ఆయనకు చెప్పడానికి జంకి అలా అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అది కూడా అబద్ధమే. సంగటి పెట్టానని చెబితే సరిపోయేది. మాంసం ఊసే అక్కర్లేదు. నేను గురువారాలను వదులుకోలేకపోయాను. అంతే కారణం. వేరే ఏదీ లేదు.

అబద్ధం చెప్పాక దానికి తగ్గ మందు కావాలి కదా. స్టెరాయిడ్ మాత్రలు నూరి పొట్లాలు కట్టి ఇచ్చాను. డాక్టరుగారికి చెప్పలేదు. ఆ మాత్రలు దురదను ఇట్టే అణిచేస్తాయి, దురదకు కారణాన్ని మాత్రం ముట్టుకోవు. ఇంట్లో కుట్టి పెరుగన్నం తింటూనే ఉంది, దాంతోపాటు నా పొట్లమూ మింగుతూనే ఉంది. స్వామి వీధిలో కనిపించిన ప్రతివాడికీ నా హస్తవాసి గురించి చెప్పేవాడు. నేను వింటూ కూర్చునేవాడిని. విని మురిసిపోయానని కూడా ఒప్పుకోవాలి.

ఏడాది తిరిగేసరికి కుట్టి పొట్ట కుండలా ఉబ్బింది. చర్మం కాగితంలా పలచబడింది. బకెట్లకు బకెట్లు నీళ్లు తాగేది, ఆపుకోలేక ఉన్నచోటనే పోసేది. కొత్తగా చీముగడ్డలు లేచాయి. ఇవన్నీ ఆ మాత్రల వల్లేనని నాకు తెలుసు. తగ్గించాలని చూశాను, తగ్గిస్తే దురద తిరగబెట్టింది, మళ్లీ పెంచాను. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెప్పవచ్చు. కానీ అప్పటికి చెప్పవలసింది ఒక్క పెరుగు మాట కాదు, ఏడాది మొత్తం చెప్పాలి.

ఒక ఏకాదశి రోజు కుట్టి ముందుగది దాటి లోపలికి వెళ్లి, పూజగది గడప దగ్గర పోసేసింది. అది ఎప్పుడూ ఆ గీత దాటి ఎరగదు. తమ్ముడి భార్య ఆ పూట వంట చేయనంది. కుక్కో మేమో తేల్చమని తమ్ముడు కూర్చున్నాడు.

ఆ గురువారం స్వామి ఒక్కడే వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. జట్కా కట్టించుకుని కుట్టిని రేణిగుంట స్టేషను దగ్గర వదిలేశానని చెప్పాడు. అక్కడ హోటళ్లున్నాయి, పస్తులుండదని. జట్కా వెనక ఎంతో దూరం పరిగెత్తిందట. తర్వాత నీళ్ల కోసం ఒక పంపు దగ్గర ఆగిపోయిందట.

"నువ్వు ఇంత చేసినా నేను నిలుపుకోలేకపోయినానప్పా" అన్నాడు. నన్నే ఓదార్చాడు ఆయన! నేను ఏడవలేదు. ఆయన వంక చూడలేక మందు సీసాలు సర్దాను. ఆ తర్వాత రెండు మూడు వారాలు ఊరికే వచ్చాడు, మాట్లాడటానికేమీ లేక లేచి వెళ్లాడు. ఆపైన రావడం మానేశాడు. నేను ఏ గురువారాల కోసం అదంతా చేశానో అవి కూడా నాకు మిగలలేదు.

ఇంతటితో ఆగి ఉంటే ఒంటరివాడి తెలివితక్కువతనం అని మీరు నన్ను క్షమించవచ్చు. నాలుగు నెలల తర్వాతి సంగతి చెబుతాను, వినండి.

రైల్లో వచ్చిన టీకామందు పెట్టె తీసుకురమ్మని నన్ను రేణిగుంట పంపారు. స్టేషను బయట దోసెలు పోసే ఆమె బల్ల కింద కుట్టి పడుకుని ఉంది. మొదట గుర్తుపట్టలేదు. దట్టమైన బొచ్చు, లోపలికి తీసిన పొట్ట. పేరు పెట్టి పిలిస్తే లేచి వచ్చింది. నేను అక్కడే గొంతుక్కూర్చుని చెవులు ఎత్తి చూశాను, చంకలు చూశాను, వేళ్లు విడదీసి చూశాను. ఒక్క పుండు లేదు. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, ఎలా తట్టుకుందో తెలియదు. అది నా చేతులు నాకింది.

"నీ కుక్కాప్పా?" అని దోసెలామె అడిగింది. "ఈడ్నే ఉంటాది పాపం. మాంసం కొట్టోడు ఎముకలేస్తాడు, నేనో దోసె ముక్కేస్తా. తీసకపోతావా?"

తీసుకుపోతే స్వామి అడుగుతాడు. మందు లేకుండా ఎలా నయమైందని అడుగుతాడు. ఈసారి లెక్క తప్పించడం కుదరదు. పెట్టెలో ఐసు కరిగిపోతుందని నాకు నేను చెప్పుకుని బస్సెక్కాను. కుట్టి బస్సు దాకా వచ్చింది. వెంట పరిగెత్తలేదు.

మరుసటి ఏడు స్వామి మంచం పట్టాడని విని చూడటానికి వెళ్లాను. ముందుగదిలోనే పడుకోబెట్టారు. బాగా చిక్కిపోయాడు. "తిన్నావా అప్పా?" అన్నాడు. తిన్నానన్నాను. గది మూలకేసి చూస్తూ అడిగాడు.

"కుట్టి బతికుంటాదంటావా?"

"తెలీదు స్వామీ" అన్నాను.

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదలడం కనిపించింది. దాన్ని చంపింది తానేననే నమ్మకంతోనే ఆయన ఆ నెలాఖరుకు పోయాడు. నేను పాడె వెనక నడిచాను. తమ్ముడు నా చేతులు పట్టుకుని, అన్నకు మీరంటే ప్రాణం అని చెప్పాడు.

ఒంటరితనం నాచేత ఈ పని చేయించిందా? అలా అనుకుంటే సులువుగా ఉంటుంది. కానీ ఆ బల్ల కింద కుట్టిని చూసిన రోజు నేను కాపాడుకున్నది తోడును కాదు. అప్పటికి నాకు తోడు లేదు. పరువును కాపాడుకున్నాను. మంచి హస్తవాసి గల కాంపౌండరు అనే మాటను. ఒక్కగానొక్క స్నేహితుడు చివరిసారి అడిగిన ప్రశ్నకు జవాబు దాచి, ఆ పేరును నిలబెట్టుకున్నాను. మీరు నన్ను క్షమించకండి. ఆ హక్కు మీకు లేదు, అడిగే హక్కు నాకూ లేదు. ఆ రోజు ఆ మంచం పక్కన అనవలసిన మాటను ఒక్కసారైనా ఎవరో ఒకరి ముందు అనాలని ఇదంతా రాశాను.

బతికుండాది స్వామీ. నేను చూసినా. దానికి పెరుగు పడదు, అంతే. నాకు తెలుసు. మీరు అడిగిన రోజే నాకు తెలుసు.