కొమ్మ లేని చిలుకలు

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటి గుమ్మానికి చిలుకలు ఉండేవి. నిజం చిలుకలు కావు, ఊలు చిలుకలు. మా అమ్మ స్వెట్టర్లు అల్లే కార్ఖానాలో పనిచేసేది. అక్కడ పారేసే తెగిన ఊలును టిఫిన్ డబ్బాలో కుక్కి తెచ్చుకునేది. పచ్చది, ఎర్రది, బడిపిల్లల స్వెట్టర్ల నీలిది, ఏది దొరికితే అది. అమ్మ తన అమ్మమ్మ పెట్టెలోని పాత గుడ్డ చూసి నేర్చుకున్న నమూనా అది. ఆ చిలుకల తోరణాన్ని క్రోషియా సూదితో పైనుంచి మొదలుపెట్టి అల్లింది. ముందు చిలుకల తలలు, తర్వాత పొట్టలు, కాళ్లు, అన్నిటికంటే కింద అవి వాలే కొమ్మ. ఆ కొమ్మ దగ్గరికి వచ్చేసరికి అమ్మ దవాఖానా మంచం మీద ఉంది. తోరణం పూర్తయి గుమ్మానికి ఎక్కింది. అమ్మ మాత్రం ఆ గుమ్మం కింది నుంచి లోపలికి నడిచి రాలేదు.

దినాలు కాగానే మా మేనత్త అమ్మ చీరలన్నీ మూట కట్టింది. తోరణాన్ని కూడా మేకు నుంచి లాగి అందులో పడేసింది. నేను గుంజుకున్నాను. ఆ గుంజులాటలో కింది అంచు తెగింది. క్రోషియా అల్లిక తెలిసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు, చివరి కొస వదులైతే ఇక అది ఆగదు, ఒక్కో కుట్టే జారిపోతుంటుంది. నేను ఆ కొసను పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. తింటున్నా అదే, పడుకున్నా అదే. తినడమంటే తిన్నదేమీ లేదు. అమ్మను ఎత్తుకుపోయిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. అందరూ ఈ పిల్లకేమైందని చూసేవారు.

"ముద్ద పెడదామంటే పిడికిలి ఇప్పదు. ఏందే గా పీలికె? సచ్చినోళ్ల సామాను ఇంట్ల ఉండొద్దు, పారెయ్!" అని మేనత్త అరిచేది.

మా పక్కింటి అక్క అమ్మతోపాటే కార్ఖానాలో పనిచేసేది. ఆమెకు పని నేర్పింది అమ్మే. ఆదివారం వస్తే తెల్ల చీర కట్టుకుని ప్రార్థనకు పోయే మనిషి, ఆ ఆదివారం పోలేదు. వచ్చి మా అరుగు మీద నా పక్కన కూర్చుంది. తర్వాత నా పిడికిలి మీద చెయ్యి వేసింది.

"పట్టుకుంటె ఆగుతదా బిడ్డా? సూడు, నీ ఏళ్ల సందులకెల్లి పోతనే ఉంది. ఎట్లనూ పోతది. మనమే మెల్లగ ఇప్పుదాం, సూస్కుంట ఇప్పుదాం. ఒక్కో వరుస గోడ మీద గీస్త. నమూనా ఏడికీ పోదు."

పొయ్యిలోని బొగ్గుముక్క తెచ్చుకుంది. నేను లాగుతుంటే ఆమె గోడ మీద గళ్లు గీసింది, అల్లిక ఉన్న చోట నల్ల గడి, ఖాళీ ఉన్న చోట తెల్ల గడి. ముందు కొమ్మ పోయింది. ఆ వరుసలు ఎంత వదులుగా ఉన్నాయంటే చెయ్యి తగలగానే జారిపోయాయి. ఎందుకిలా ఉన్నాయని అడిగాను. అక్క నా ముఖం చూడకుండా, "గప్పటికి మీ అమ్మకు శాతనైతలేకుండె. ఏళ్లు వణుకుతుండె" అంది.

కాళ్ల దగ్గరికి వచ్చేసరికి కుట్లు కాస్త దగ్గరయ్యాయి. పొట్టల దగ్గర ఇంకా దగ్గర. తలల దగ్గర ఎంత బిగువుగా ఉన్నాయంటే లాగలేక అక్కకు ఇచ్చాను. "అబ్బబ్బ, ఏం బిగబట్టిందే మీ అమ్మ! గీ వరుసలప్పుడు నన్ను తిట్టుకుంట అల్లింది, మస్తు యాదికుంది నాకు. ఆమె సూది నేనే ఇరగ్గొట్టిన మరి" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. లోపలి నుంచి మేనత్త, "సావింట్ల ఇకిలింపులేందే? గోడంత ఖరాబ్ జేసిన్రు!" అంది.

విప్పేకొద్దీ మా అమ్మ బాగుపడుతోంది. నాకు అట్లాగే అనిపించింది. మంచం దిగింది, నడిచింది, కార్ఖానాకు పోయింది, అక్కను తిట్టింది. గోడ మీద చిలుకలు కింద నుంచి పైకి లేచాయి. నా ఒళ్లో వంకీలు తిరిగిన ఊలు కుప్ప పడింది. చివరికి ఒక్క ముడి మిగిలింది.

"గిదే మీ అమ్మ మొదలు ఏసిన ముడి. నువ్వే లాగు."

లాగాను. చేతిలో ముడి లేదు, అమ్మ లేదు, వట్టి దారం. అప్పుడు వచ్చింది ఏడుపు. వీధంతా వినిపించేలా ఏడ్చాను. మేనత్త కూడా గిన్నె పక్కన పెట్టి వచ్చి నన్ను పట్టుకుంది. ఆ రోజు ఆమె చేతి ముద్దలే తిన్నాను. సాయంత్రం అక్క అదే ఊలుతో, గోడను చూపిస్తూ, నా చేత మొదటి ముడి వేయించింది.

అక్షరాలు నాకు రాలేదు, ఆ ఏడే బడి మానిపించారు. కానీ గళ్లు వచ్చాయి. చాలా ఏళ్లకు, నా చెయ్యి తిరిగాక ఒక సంగతి తెలిసింది. ఆ నమూనా కావాలంటే విప్పనక్కర్లేదు, ఊరికే చూసి గళ్లు లెక్కపెట్టుకోవచ్చు. తెగిన కొసకు ముడి వేస్తే తోరణం నిలిచేది కూడా. అక్కకు అదంతా తెలుసు. తెలిసే విప్పించింది.

మా ఆయన ఉప్పల్‌లో ఒక కంపెనీకి వాచ్‌మన్. పెళ్లయిన కొత్తలో దొరికిన ఎర్ర ఊలుతో ఆయనకు మఫ్లర్ మొదలుపెట్టాను. ప్రతి చలికాలం ఏ రంగు దొరికితే ఆ రంగుతో జానెడు పెంచేదాన్ని. "ఏందే, ఇది నా మెడకా, ఉప్పల్ చౌరస్తకా?" అనేవాడు. అయినా చుట్టలు చుట్టలుగా చుట్టుకునే డ్యూటీకి పోయేవాడు. తెలంగాణ వచ్చిందని చౌరస్తాలో పటాకులు కాలుస్తుంటే ఆయన లేడు. ఆ ముందు చలికాలమే పోయాడు.

పండుగలా ఉన్న ఆ వీధిలో తలుపు వేసుకుని మఫ్లర్ ఒళ్లో పెట్టుకున్నాను. కొస వెతికి లాగాను. ముసలి ఏళ్లు ముందు పోయాయి. దగ్గులు, దవాఖానాలు పోయాయి. పిల్లలు చిన్నవాళ్లయ్యారు. ఆయన జుట్టు నల్లబడింది. ఆ ఊలుతోనే, గోడ లేకపోయినా కళ్ల ముందున్న గళ్లతో, మా గుమ్మానికి చిలుకలను కాళ్ల దాకా అల్లుతూ వచ్చాను.

మఫ్లర్‌లో ఇప్పుడు రెండు వేళ్ల పట్టీ మిగిలింది, పెళ్లినాటి ఎర్ర ఊలు. ఇదంతా రాసిపెడుతున్న మా చిన్నమ్మాయి, అది కూడా విప్పితే కొమ్మ పూర్తవుతుంది కదమ్మా అంటుంది. అవుతుంది. ఎట్లా విప్పాలో నాకు అక్క నేర్పింది. చివరి ముడి లాగాక మళ్లీ మొదటి ముడి వేయాలని కూడా నేర్పింది. ఆ చదువు ఒక్కటే నా దగ్గరుంది.

రోజూ ఆ ఎర్ర పట్టీ తీస్తాను, వేలికి చుట్టుకుంటాను, మళ్లీ పెట్టెలో పెడతాను. మా గుమ్మం మీద చిలుకలు ఇంకా గాలిలోనే ఉన్నాయి.