కొమురెల్లి ట్యాంకర్‌కు నోరు లేదు

మా పైవాటాలో ఉండే సూర్యకళ టీవీ బొమ్మల కథలు అమ్మాలని చూస్తుంటుంది. నాచారంలో బొమ్మల సినిమాలు చేసే ఆఫీసులో ఇన్నేళ్లూ ఎవరెవరి బొమ్మలకో రంగులేసింది. తన సొంత బొమ్మ ఒక్కటి టీవీలో ఆడాలని దాని కోరిక. అలా ఆడాలంటే, చానెల్ వాళ్లు వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి కథ చెప్పాలట. నచ్చితే తీసుకుంటారు, నచ్చకపోతే టీ తాగి పోతారు. రెండుసార్లు టీ తాగి పోయారు.

మూడోసారి వాళ్లొస్తారనగా, నేను మేడ మీద గుమ్మడి వడియాలు పెడుతుంటే వచ్చి కూర్చుంది.

"అమ్మమ్మా, జర కథ ఇంటవా?"

"చెవులు ఖాళీయే, చెప్పు. చేతులు మాత్రం అడక్కు."

చిల్కానగర్ సందుల్లో తిరిగే ముసలి నీళ్ల ట్యాంకర్ కథ. దాని పేరు కొమురెల్లి. కాగితం మీద గీసిన బొమ్మ కూడా చూపించింది, ముందు దీపాలే దానికి కళ్లు. రోజుకో సందు, రోజుకో బిందెల కొట్లాట. ఒకరోజు కుంటుకుంటూ ఓ ముసలమ్మ ఆలస్యంగా వస్తుంది. నీళ్లు అయిపోయాయని డ్రైవర్ బండి తీయబోతాడు. బండి కదలదు. ఎంత తిట్టినా కదలదు. ముసలమ్మ బిందె కింద పెట్టగానే పైపులోంచి సన్నగా ధార.

"కళ్లు పెట్టావు సరే, దానికి నోరు పెట్టలేదేమే?" అన్నాను.

"మన గల్లీకి నీ నోరు సాలదా అమ్మమ్మా? నీకు కథ నచ్చింది తియ్యి."

"నేనెప్పుడన్నాను?"

"నీ చెయ్యి ఆగింది."

చూసుకుంటే వేళ్ల సందుల్లోంచి పిండి కారి, వడియం కాస్తా అట్టయి కూర్చుంది. మునుపటి రెండు కథలకీ బాగున్నాయనే చెప్పాను. నా చెయ్యి మాత్రం ఆగలేదట. అవి అమ్ముడూ పోలేదు.

చానెల్ ఆయన వచ్చిన రోజు సాయంత్రం సూర్యకళ మెట్లెక్కకుండా నేరుగా నా దగ్గరికొచ్చింది.

"కథ చెప్పినంతసేపు ఆయన ఫోన్ తోముతనే ఉన్నడు అమ్మమ్మా. మొఖం సూడలే నేను, బొటనేలే సూసిన. బండి కదలనన్న కాడ ఆగింది."

"మరి తీసుకున్నాడా?"

"బండి మాట్లాడాలె, జోకులెయ్యాలె, గట్లయితే ఇప్పుడే తీస్కుంట అన్నడు. మా మేనేజర్ త్రిమూర్తులు సారేమో ఊఁ అను, ఊఁ అను అని సైగలు."

నేనైతే తల ఊపేదాన్ని. ఇన్నేళ్ల కోరిక, వాకిట్లోకి వచ్చి నిలబడింది కదా! ఇది ఊపలేదు.

"'సార్, మీ ఏలు ఏడ ఆగింది?' అన్న. ఆయన నవ్విండు. 'బండి ఆగిన కాడ' అన్నడు. 'గప్పుడది ఒక్క మాట మాట్లాడలే సార్' అన్న."

ఒక్క భాగం నోరు లేకుండానే చేయమన్నాడట. పిల్లలు మధ్యలో లేచిపోతే నోరు పెట్టాల్సిందే. "లేస్తే నోరు నేనే గీస్త సార్" అని ఒప్పుకుని వచ్చింది. దాని గుండె ధైర్యానికి దిష్టి తీయాలి.

ఆ భాగం తయారయ్యాక, చానెల్‌కు పంపే ముందు మా హాల్లో టీవీలో పెట్టింది. సందులోని పిల్లలంతా వచ్చి పడ్డారు. ఒక్కచోట కుదురుగా కూర్చునే రకాలు కాదు. తలా నాలుగు వడియాలు వేయించి చేతిలో పెట్టాను. కరకర నములుతూనే చూస్తున్నారు. డ్రైవర్ తిట్టాడు, బండి కదల్లేదు. హాల్లో కరకర ఆగిపోయింది. నోటిదాకా వెళ్లిన చేతులు అక్కడే నిలబడ్డాయి.

సూర్యకళ టీవీ వైపు చూడటమే లేదు, ఆ చేతుల వైపే చూస్తోంది.