చివరి వరుసలోంచి చేసిన సైగ

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన ఈ సంగతి చెప్పి నేను చాలామందిని నవ్వించాను. అయితే ప్రతిసారీ ఒక్క ముక్క మార్చి చెప్పేవాణ్ణి. సైగ చేసింది నా స్నేహితుడనేవాణ్ణి. కాదు, నేనే.

సూరత్‌లో ఒక కాలేజీలో నేను కొత్తగా ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. తెలంగాణ నుంచి వలస వచ్చిన మా వాళ్లందరూ ఆ ఊళ్లోనే గోడాదరా పేటలో పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవారు. మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటికి చూపిస్తే నీళ్లు, పొట్ట చుట్టూ చేయి తిప్పితే మగ్గాల యజమాని సేఠ్ వస్తున్నాడని (మా సేఠ్ పొట్ట అలాంటిది). రెండు వేళ్లు కత్తెరలా ఆడించి అరచేయి చూపిస్తే, దారం తెగింది, మగ్గం ఆపమని. ఆ ఏడాది మా కాలేజీలో సదస్సు పెట్టారు. కుర్చీలు వేసిన హక్కుతో నేను చివరి వరుసలో ఒక మూల, నాలాగే మగ్గాల ఇంటి నుంచి వచ్చిన నా స్నేహితుడు ఇంకో మూల కూర్చున్నాం. మోతలో పనిచేసేవారి వినికిడి గురించి ఒకమ్మాయి తన మొదటి పత్రం చదువుతోంది. ముందు వరుసలో ఆమె గైడు. చదువుతున్న అమ్మాయికి ఒకచోట ఇంగ్లీషు ఆగిపోయింది. నేను హాలు ఈ చివర నుంచి ఆ చివరకు కత్తెర ఆడించి, అరచేయి చూపించాను. వాడు పకపకా నవ్వాడు. ఆమె తలెత్తి చూసింది. మిగిలిన రెండు పేజీలు మడిచి, థాంక్యూ అని కూర్చుంది. అసలు ఫలితాలన్నీ ఆ రెండు పేజీల్లోనే ఉన్నాయట.

నవ్వినందుకు వాణ్ణి బయటికి పంపారు. నా పేరు వాడు చెప్పలేదు (వాడి వాటా లడ్డూ కూడా నేనే తిన్నాను). టీ దగ్గర ఆమె నేరుగా నా దగ్గరికొచ్చి, తెలుగులో మెల్లగా అడిగింది.

"ఏంది తమ్మీ, దారం తెగిందా? మా బాపు గూడ గోడాదరాల మగ్గం నడిపిండు. ఇప్పుడాయనకు చెవులు వినవడవు. ఇంట్ల మేం గిట్లనే చేతులతోని మాట్లాడుతం."

"నేను గాదక్కా, వాడు చేసిండు" అన్నాను.

ఆమె సరేనని వెళ్లిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత, మొన్న మా కాలేజీలో మళ్లీ సదస్సు జరిగింది. మర్యాద నియమాలు చదివే పని నాకిచ్చారు (మగ్గాల మధ్య పెరిగిన గొంతుకు మైకు అక్కర్లేదని). అడగకుండా ఎవరి ఫోటోనూ తీయరాదు, ఇబ్బంది కలిగితే ఫలానావారికి చెప్పాలి, అని ధాటిగా చదువుకుంటూ పోయి, మాట్లాడేవారిని హేళన చేయరాదన్న చోట ఆగిపోయాను. వేదిక మీద అధ్యక్షురాలి కుర్చీలో ఆనాడు పత్రం మడిచేసిన ఆమే ఉంది.

భోజనాల వేళ దాకా మనసులో మంచి వాక్యాలు కూర్చుకున్నాను. విచారం, పశ్చాత్తాపం లాంటి మాటలన్నీ వేశాను. ఎదుటికి వెళ్లి, నేను ఫలానా అని మొదలుపెట్టేసరికి ఆమె నవ్వింది.

"యాదికున్నది తమ్మీ. ఆ చెయ్యి నీదేనని గప్పుడే ఎర్కయ్యింది. నువ్వే ఒప్పుకుంటవేమో అని అడిగిన."

నా మెడలో కమిటీ బ్యాడ్జీ, నెత్తిన సగం నెరిసిన జుట్టు. కూర్చుకున్న వాక్యాలన్నీ పక్కన పెట్టేశాను.

"తప్పయిందక్కా" అన్నాను. "చేసింది గూడ నేనే, అబద్ధమాడింది గూడ నేనే."