ఇక వదలండి

మా మామయ్య ముప్పై ఏళ్లు ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేశాడు. "గట్టిగా ఊపిరి పీల్చండి. బిగపట్టండి. కదలొద్దు. ఇక వదలండి." వచ్చిన ప్రతి మనిషికీ అదే పాట. ఇంట్లో ఆ మాత్రం కూడా మాట్లాడడు. మాటలన్నీ అత్తయ్యవే.

రిటైరయ్యాక మోచేతి పొడవు లెన్సున్న కెమెరా కొని పిట్టల వెంట పడ్డాడు. స్టాండు మోయాలంటే చిరాకు. చేత్తో పడితేనేమో, ఊపిరి తీసినా తెర మీద పిట్ట ఊగిపోతుంది. అందుకని బిగపట్టే వంతు ఇప్పుడు ఆయనదైంది. మొన్నటిదాకా ఆయన వీడియోలేవీ పన్నెండు సెకన్లు దాటలేదు.

మొన్న ఆదివారం పొద్దున్నే అత్తయ్యా నేనూ ఆయనతో కాలువ గట్టుకు వెళ్లాం. అవతలి గట్టున కొమ్మ మీద లకుముకిపిట్ట ఉంది. మామయ్య రికార్డింగ్ నొక్కి బిగుసుకుపోయాడు. పిట్ట నీళ్లలోకి దూకి చేపతో పైకొచ్చి, దాన్ని కొమ్మకేసి బాదడం మొదలుపెట్టింది. చేప ఎప్పుడో చచ్చింది, ఇది మాత్రం బాదుతూనే ఉంది. మామయ్య మొహం కందగడ్డ అయింది. చివరికి పిట్ట దాన్ని మింగింది.

"అయింది మహానుభావా, ఇక వదలండి" అంది అత్తయ్య.

సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీలో చూశాం. నలభై ఒక్క సెకన్లు, బొమ్మ ఇసుమంతైనా కదల్లేదు. చివర్లో అత్తయ్య గొంతు, వెంటనే కొలిమితిత్తిలా మామయ్య ఊపిరి.

"నా గొంతు తీసేయండి, బాలేదు" అంది అత్తయ్య.

"ఆ మాట ఎంతమందికి చెప్పానో. నాకు చెప్పింది నువ్వొక్కదానివే. ఉండనీ" అని మామయ్య మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

ఈసారి అందరం ఊపిరి బిగపట్టాం. అత్తయ్య చెప్పేదాకా ఎవరమూ వదల్లేదు.